మా సైకిలు యాత్ర

గడచిన సంక్రాంతి సెలవులలో మేము అయిదుగురము సైకిళ్ళపై నాలుగు దినములు తిరిగి వచ్చితిమి. నలుగురము పదవ తరగతి విద్యార్థులము. అయిదవవారు మా డ్రాయింగు మాష్టరు గారు. మేము పోయిన చోటులు దూరదేశములు గావు. అనకాపల్లి, విజయనగరము, భీమునిపట్టణము - ఇవి మన చదువరులలో పెక్కుమంది బస్సు కిటికీలోనుండి చూచినవే. మేమును అంతకుముందు అట్లే చూచియుంటిమి. అయినను బస్సులోనుండి చూచిన ఊరు వేరు, సైకిలు దిగి మంచినీళ్ళడిగిన ఊరు వేరు అని మొదటి దినముననే మాకు తెలిసినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాత్రకు మూలము మాష్టరు గారు చదివిన యొక పుస్తకము. స్పెయిను దేశపు వాయవ్యమూలను శాంటియాగో అను పుణ్యక్షేత్రము కలదట. వేయి సంవత్సరములకు పైగా యూరపు ఖండపు యాత్రికులు పిరనీసు పర్వతములు దాటి, గోధుమ చేల నడుమను, బర్గోసు, లియోను మొదలగు ప్రాచీన నగరముల గుండను ఆ క్షేత్రమునకు నడచిపోవుచున్నారు. నేడు సైకిళ్ళపై పోవువారును అనేకులు. వారు తమవెంట నొక మడతల పుస్తకము నుంచుకొని, దారిలోని సత్రములలోను, దేవాలయములలోను, కడకు కాఫీ అంగళ్ళలోను గూడ దానిపై ముద్రలు వేయించుకొందురు. తుదకు 100 కిలోమీటర్లు నడచిన వారికి గాని, 200 కిలోమీటర్లు సైకిలు త్రొక్కిన వారికి గాని ఆ ముద్రలు పరీక్షించి యోగ్యతాపత్రము నిత్తురు. ఆ దేశమువారు పాడుబడిన రైలుదారుల పట్టాలు తీసివేసి, 1993 నుండి వానిని సైకిళ్ళకును పాదచారులకును బాటలుగా మార్చుచున్నారని కూడ మాష్టరు గారు చెప్పిరి.

ఇది విని మాలో చిన్నవాడు, “మాష్టారూ, ముద్రలు మన ఊళ్ళలో మాత్రము లేవా?” అని యడిగెను. ఆ మాటతో నలుబది పేజీల నోటుపుస్తకమునకు గోధుమరంగు అట్ట వేసి, దానిపై “ముద్రల పుస్తకము” అని వ్రాసితిమి. మా దారికూడ సుమారు 200 కిలోమీటర్లు వచ్చునట్లు పటముమీద దారముతో కొలిచి నిర్ణయించితిమి. దారపు లెక్క ఎంత నిజమైనదో తరువాత తెలిసినది.

సైకిళ్ళను గూర్చి కొంచెము చెప్పవలెను. రెండు గేర్ల సైకిళ్ళు, రెండు మామూలు నల్ల సైకిళ్ళు, మాష్టరు గారిది వారి తండ్రిగారి నాటి అట్లాసు. ఆ కంపెనీ 1951లో సోనీపట్టులో పుట్టి, 2020లో తయారు చేయుట మానినది. మాష్టరు గారి సైకిలు మాత్రము మానలేదు. దాని గొలుసుడబ్బా చేయు చప్పుడువలన వారెంత వెనుక నున్నారో తిరిగి చూడకయే మాకు తెలియుచుండెను. చక్రమునకు దూరము లెక్కించు చిన్న మీటరు నొకదానిని బిగించితిమి. పంపు, రెండు ట్యూబులు, అతుకులు వేయుటకు రబ్బరు ముక్కలు, సొల్యూషను గొట్టము, ఒక దుప్పటి చొప్పున మూటలు - ఇంతే మా సామగ్రి.

ముక్కనుమ నాటి యుదయమున మా కూడలిలో కలిసికొంటిమి. మా కూర్మన్నపాలెమును ఎరుగని వారికి ఇంత చెప్పిన చాలును: రహదారికి ఒక ప్రక్క మా యిండ్లు, మరియొక ప్రక్క ఉక్కు కర్మాగారపు ద్వారము. ఆ కర్మాగారము కొరకు 1966లో తెలుగుదేశమంతట ఆందోళనము రేగి ముప్పది యిద్దరు ప్రాణములు విడిచిరి. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేసిరి. 2021లో దానిని ప్రైవేటు వారికి అమ్మజూచినప్పుడు ఈ కూడలిలోనే దీక్షాశిబిరము వెలసినది. ఇవన్నియు పుస్తకములలోను పత్రికలలోను ఉన్నవి. పత్రికలలో తరచుగా కనబడని విషయ మొకటి కలదు. ఆ గోడలోపలి నేల యంతయు ఒకప్పుడు ఊళ్ళు. అరువది నాలుగు గ్రామములు కదలి, చుట్టుప్రక్కల పునరావాస కాలనీలలో స్థిరపడినవి. మాలో ఒకని తాతగారిది అట్టి ఊరు.

ఆ తాతగారు ఎనుబది దాటినవారు. ఊరు పోయిన తరువాత కర్మాగారములోనే పని దొరికి, అక్కడనే పదవీవిరమణ చేసిరి. మేము బయలుదేరుచుండగా చేతికర్ర పట్టుకొని వచ్చి చూచుచుండిరి. నాయనమ్మగారు, “కనుమనాడు కాకైనా కదలదంటారు. తెల్లారీసరికి మీ పయాణమేటిరా?” అని గొణుగుచునే మా సంచులలో అరిసెలు పెట్టిరి. తాతగారు మేము పోవు చోటుల పేర్లన్నియు ఓపికగా విని, కడపట, “పాతరాళ్ళు సూడ్డానికి అంతదూరం ఎల్లాలా బాబూ? మా ఊరి రాళ్ళు ఈ గోడెనకాలే ఉన్నాయి” అనిరి. మేము నవ్వితిమి. మాష్టరు గారు నవ్వలేదు. “వచ్చిన తరువాత అవికూడ చూతము, తాతగారూ” అని సైకిలెక్కిరి.

అగనంపూడి, లంకెలపాలెము దాటువరకు లారీలతోడి ప్రయాణమే. మంచు ఇంకను విడలేదు. రహదారి అంచున తెల్లగీత వెలుపల ఒకరి వెనుక ఒకరముగా పోయితిమి. పెద్ద లారీ దాటిపోయినప్పుడు తొలుత గాలి మనలను బయటకు త్రోసి, మరుక్షణము లోపలికి లాగును. అది అలవాటగుటకు పది కిలోమీటర్లు పట్టినది. ఆ తరువాత ప్రక్కదారులు పట్టగా చెరకుతోటల నడుమ నిశ్శబ్దముగ నుండెను.

అనకాపల్లికి బెల్లమువలననే పేరు. ఆ బజారు దేశములోని పెద్ద బెల్లపు బజారులలో ఒకటి. కాని మాకు బజారుకంటె, దారిలో ఒక తోట ప్రక్కన బెల్లము వండుచోటు ఎక్కువ మనసున నిలిచినది. గానుగలోనుండి రసము తొట్టిలో పడుచుండెను. వెడల్పైన పెనములో రసము మరుగుచు పైకి పొంగిన నల్లని నురుగును ఒకడు పొడుగుకాడ జల్లితో తీసివేయుచుండెను. ఎండిన చెరకుపిప్పినే పొయ్యిలోనికి ఎగవేయుచుండిరి. చెరకును వండునది చెరకే యన్నమాట. పాకము ముదిరినదో లేదో చూచుటకు అచ్చటి పెద్దాయన కొంచెము నీటిలో వేసి వ్రేళ్ళతో ఉండకట్టి చూచెను. ఉండ కట్టినది. వెంటనే నలుగురు కూడి పెనమును దింపిరి. ఆ తొందరలో మాతో మాటలాడుటకు తీరిక లేదు. అచ్చుకు పోసిన తరువాత ఆయన మా సైకిళ్ళవంక చూచి, “ఏ ఊరు గుంటలు మీరు?” అని యడిగెను. కూర్మన్నపాలెమని చెప్పితిమి. “ఓహో, ఉక్కు ఫ్యాక్టరీ ఊరా!” అనెను. తాతగారి మనుమడు, “ఫ్యాక్టరీ రాకముందు కూడ ఊరే గదా” అని మెల్లగా ననెను. పెద్దాయన విని, ఏమియు మాటలాడక, చేటలో వేడి బెల్లము పెట్టి యిచ్చెను. అట్టి బెల్లము మరల తినము. ముద్ర లేనందున తన తోట పేరు తానే పుస్తకములో వ్రాసెను. అక్షరములమీద పాకపు మరక పడి, ఆ పుట ప్రక్కపుటకు అంటుకొని పోయినది.

మధ్యాహ్నము శంకరము చేరితిమి. ‘సంఘారామము’ అను మాటయే జనుల నోట శంకరమైనదని పెద్దలందురు. అచ్చట రెండు కొండలు కలవు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. 1906లో అలెగ్జాండరు రీ అను పురావస్తు శాఖాధికారి త్రవ్వించువరకు లోకమునకు వీని సంగతి అంతగా తెలియదు. బొజ్జన్నకొండపై కొండనే తొలిచిన గుహలు, ఇటుకల విహారములు, స్తూపములు కలవు. పెద్ద గుహలో పదునారు స్తంభములు, నడుమ కొండరాతిలోనే మలచిన స్తూపము. తెచ్చి నిలిపిన రాయి కాదు. చుట్టుప్రక్కల రాతినంతయు చెక్కివేసి, వలసినదానిని మాత్రము విడిచిపెట్టిరి. మాష్టరు గారు మాకు బొమ్మలు వేయుట నేర్పునపుడు, “గీయుట కంటె విడుచుట కష్టము” అనుచుందురు. ఆ మాటకు అర్థము అచ్చట తెలిసినది.

లింగాలకొండమీద చిన్నవియు పెద్దవియు రాతిస్తూపములు వరుసలు వరుసలుగా నున్నవి. లింగములవలె కనబడుటచే కొండకు ఆ పేరు వచ్చినది. ఆశ్చర్యమేమనగా, అన్ని శతాబ్దములలో ఈ ఊరివారు కొండను మరువలేదు గాని, అది ఏమిటో మరచిరి. ఏటేట కనుమనాడు ఇచ్చట తీర్థము జరుగును. మేము పోయినది మరునాడు గనుక చెరకుపిప్పియు, రంగుకాగితములును, పగిలిన బూరలును మెట్లపై నుండెను. వెనుకటి కాలమున తీర్థమునకు వచ్చినవారు అచ్చటి బొజ్జవంటి ఆకారమును రాక్షసుడని తలచి రాళ్ళు రువ్వెడివారట. చరిత్ర తెలిసినవారు నచ్చచెప్పగా ఆ యాచారము ఆగినది. మాలో పొడగరి, “బుద్ధునికి రాళ్ళా!” అని నొచ్చుకొనెను. మాష్టరు గారు మాత్రము, “రాళ్ళు రువ్వుటకైనను ఏటేట వచ్చిరి గదా, రాకపోయిన దారికూడ మూసికొనిపోయెడిది” అనిరి. ఈ మాట సరియైనదేనా యని ఆ రాత్రి చాలసేపు వాదించుకొంటిమి, మాకు తెగలేదు.

ఆ రాత్రి పొడగరి మేనమామగారి యింట సబ్బవరము దారిలో పడుకొంటిమి. వారి యాదరణమును వ్రాయబోయిన వేరొక వ్యాసమగును.

రెండవ దినము కష్టదినము. సబ్బవరము మీదుగా క్రొత్తగా వేసిన ఆరు వరుసల రహదారి కలదు గాని, దానిపై సైకిలుకు మర్యాద లేదు. మేము పాతదారినే కొత్తవలస వైపు పోయితిమి. జీడిమామిడి తోటలును, ఎఱ్ఱనేలయు, ఎక్కుడులును. రెండవ యెక్కుడున చిన్నవాని వెనుక చక్రము గాలి పోయినది. అతుకువేసిన పావుగంటకు మరల పోయినది. ముల్లును తీయక ట్యూబును మాత్రమే అతికితిమని కొత్తవలస స్టేషను దగ్గరి సైకిలు షాపువాడు కనిపెట్టెను. తొట్టినీటిలో ట్యూబు ముంచి బుడగలు చూపి, టైరు లోపల వ్రేలు త్రిప్పి, తుమ్మముల్లు తీసి మా యరచేతిలో పెట్టెను. “ముల్లుంచుకుని పేచీలేసుకుంటే ఏటి లాభం బాబూ?” అని నవ్వి, పైకము పుచ్చుకొనక, తన రసీదు పుస్తకపు ముద్ర వేసెను. మా పుస్తకములోని మొదటి నిజమైన ముద్ర యిది.

చిన్నవాడు అప్పటికే అలసి, అచ్చటనుండి రైలెక్కి యింటికి పోయెదనని పట్టుబట్టెను. పొడగరి ఎగతాళి చేసెను. మాటలు పెరిగినవి, కొంతసేపు ఒకరి మొగము ఒకరు చూడలేదు. అంతలో పట్టాలపై గూడ్సుబండి వచ్చినది. ఆ పెట్టెలలో ఎఱ్ఱని యినుపరాయి. ఎన్ని పెట్టెలో లెక్కింప మొదలుపెట్టి యేబదికి పైన తప్పిపోతిమి. కొత్తవలసనుండి కిరండూలు వరకు 1960వ దశకములో తూర్పుకనుమల లోనుండి సొరంగములు తొలిచి వేసిన మార్గ మది. బైలదిల్లా కొండల యినుపరాతిని సముద్రమునకు దించుటకై జపాను సహకారముతో వేసిరి. ఆ రాతిలో కొంత విశాఖ రేవునకును, కొంత మా కర్మాగారమునకును పోవును. తాతగారి మనుమడు దానివంకనే చూచుచు, “మేము రెండు దినములు త్రొక్కి వచ్చిన దూరము ఇది యీ సాయంకాలమునకు మా యింటి యెదుటికి పోవును” అనెను. అందరమును నవ్వితిమి. చిన్నవాడు రైలుమాట మరల ఎత్తలేదు. మిరపకాయబజ్జీలు కూడ ఈ సంధికి కొంత తోడ్పడినవని ఒప్పుకొనవలెను.

విజయనగరము చేరుసరికి దీపములు పెట్టిరి. ఆ పట్టణమును గూర్చి చదువరులకు మేము చెప్పవలసినది తక్కువ. కోట 1713లో, విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు మొదలుపెట్టిరి. గంటస్తంభము, అయ్యకోనేరు, 1919లో స్థాపింపబడి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నుండిన సంగీత కళాశాల - ఇవన్నియు మరునాటి ప్రొద్దుట రెండు గంటలలో చూచితిమి. అంత తొందరగ చూచుట తప్పే. గురజాడ అప్పారావుగారి యింటిముందు మాత్రము చాలసేపు నిలిచితిమి. ‘కన్యాశుల్కము’ 1892లో ఈ పట్టణముననే మొదట ప్రదర్శింపబడినది. మేము తరగతిలో గిరీశము మాటలు చదివి నవ్వుకొన్నవారమే. ఇంత మామూలు వీథిలో, ఇంత మామూలు గుమ్మము వెనుక ఆ మాటలు పుట్టినవని తలచియుండలేదు. ఎదుటి అరుగుపై కూర్చున్న ముదుసలి, “ఏటి సూత్తన్నారు? లోపల సూడొచ్చుగా!” అని కసరెను. అచ్చటనే పాత పుస్తకముల అంగడివారు ముద్ర వేసిరి.

మూడవ దినము పద్మనాభమునకు పోవు దారి మాకు అన్నిటికంటె నచ్చినది. కోతలైన వరిచేలు, కళ్ళములలో గడ్డికుప్పలు, తాటిచెట్లు, ఎదుట ఒంటికొండ. కొండమీద అనంత పద్మనాభస్వామి దేవాలయము. మెట్లు వేయికి పైన. సైకిళ్ళను పూలమ్మువారికి అప్పగించి ఎక్కితిమి. పైనుండి చూడగా గోస్తనీనది ఇసుకలో సన్నని పాయగా కనబడెను.

ఈ కొండ పాదమున 1794 జూలై 10వ తేదీన యుద్ధము జరిగినది. ఈస్టిండియా కంపెనీవారు పేష్కషు బాకీ యని చెప్పి, విజయనగరపు చినవిజయరామరాజుగారిని సంస్థానము విడిచి మచిలీపట్టణమునకు పొమ్మనిరి. ఆయన పోలేదు. పొమ్మన్నచోటికి పోక, తన నేల మీదనే ఈ పల్లెలో తనవారితో విడిది చేసెను. ప్రెండరుగాస్టు అను సేనాధిపతి తెల్లవారుజామున దాడి వెడలగా, యుద్ధము గంటసేపైన సాగలేదు. రాజుగారును, ఆయనతోడి దొరలును అచ్చటనే పడిరి. మాష్టరు గారు ఈ కథను మెట్లపై కూర్చుండి చెప్పుచుండగా తాతగారి మనుమడు, “పొమ్మన్నప్పుడు పోకుండుట గొప్పయా, పోయి బ్రతుకుట గొప్పయా?” అని యడిగెను. ఆ ప్రశ్న రాజుగారిని గూర్చినది మాత్రము కాదని అందరకు తెలిసినది. మాష్టరు గారు చాలసేపు ఊరకుండిరి. “మీ తాతగారికి ఎందరు పిల్లలు?” అని మాత్రము అడిగిరి. అయిదుగురని వాడు చెప్పెను. మరి యెవ్వరును మాటలాడక మెట్లు దిగితిమి.

అల్లూరి సీతారామరాజుగారు 1897లో జన్మించిన పాండ్రంగి యీ ప్రాంతముననే యున్నది. దారి కొంచెము తప్పి అచ్చటికి పోయి నమస్కరించి, చిట్టివలస మీదుగా భీమునిపట్టణము చేరితిమి. చిట్టివలసలో 2009లో మూతపడిన గోనెనార మిల్లు పొడుగుగోడ ప్రక్కన ఒక మైలు దూరము మౌనముగ త్రొక్కితిమి.

భీమునిపట్టణము నిదానమైన ఊరు. 1861లోనే పురపాలక సంఘ మేర్పడిన యీ ఊరిలో నేటికిని సాయంకాలమున ఆవులు గడియారస్తంభము క్రింద పండుకొని నెమరు వేయుచున్నవి. ఒకప్పుడు డచ్చివారు ఇచ్చట వస్త్రములు కొని ఓడల కెత్తిరి. 1825లో ఊరు ఇంగ్లీషువారి పాలైనది. వారు విడిచిపోయినది సముద్రపుటొడ్డున ఒక శ్మశానవాటిక. నాలుగు పలకలుగా కట్టి పైకి మొనదేల్చిన గోరీలు, కొన్నిటిపై చెక్కిన యక్షరములు. ఉప్పుగాలికి సున్నము రాలి ఇటుకలు కనబడుచున్నవి. మాష్టరు గారు ఒక గోరీ బొమ్మను ముద్రల పుస్తకములో వేయుచుండిరి. వల భుజమున వేసికొని పోవుచున్న ఒక బెస్తవాడు ఆగి చూచెను. తాతగారి మనుమడు అతనిని, “వీరి దేశమువారు వచ్చి చూచుచుందురా?” అని యడిగెను. “అప్పుడప్పుడు తెల్లోలొస్తారు బాబూ. ఫొటోలు తీసుకుంటారు, ఏడుస్తారు కూడా కొందరు” అని అతడు చెప్పెను.

ఆ రాత్రి ఇసుకలో పడుకొన్నప్పుడు వాడు మాతో ఒక మాట చెప్పెను. వాని ముత్తాతను పాతిపెట్టిన చోటుకూడ కర్మాగారపు గోడలోపలనే యున్నదట. సముద్రము దాటి వచ్చిన వారి గోరీని తాను తాకి చూచితినే గాని, రెండు కిలోమీటర్ల దూరమున నున్న ముత్తాత చోటును ఎన్నడును చూడలేదనెను. మేము నాలుగు సంవత్సరములనుండి వానితో ఒకే బెంచీపై కూర్చున్నవారము. ఈ సంగతి మా కెవ్వరికిని తెలియదు.

నాలుగవ దినపు దారి సముద్రపుటొడ్డునే. ఎఱ్ఱమట్టిదిబ్బల మలుపులు చూచి, తొట్లకొండ యెక్కితిమి. నావికాదళమువారు విమానమునుండి చేసిన పరిశీలనములో బయటపడిన ఆరామ మది. 1988 మొదలు 1993 వరకు త్రవ్విరి. భిక్షువులు వాననీటికై కొండరాతిలో తొలిచిన తొట్లవలననే ఆ పేరు. అంత యెత్తున నుండి వారు ఓడలను చూచుచుండిరనుకొనగా ముచ్చట వేసినది. తరువాత విశాఖపట్టణపు వాహనముల రద్దీలో మేము చూచినది ముందుచక్రమును మాత్రమే. గాజువాక దాటి, కూడలి చేరి, మీటరు చూడగా 188. పన్నెండు కిలోమీటర్లు తక్కువ! దారపు లెక్క మమ్ము మోసగించినది. స్పెయిను దేశమున మాకు యోగ్యతాపత్రము రాదని మాష్టరు గారు తేల్చిరి.

మరునాటి ప్రొద్దుట వారు తమ మాట జ్ఞప్తి యుంచుకొని తాతగారి యింటికి వచ్చిరి. అట్లాసు వెనుక క్యారియరుపై దుప్పటి మడతపెట్టి తాతగారిని కూర్చుండబెట్టితిమి. మనుమడు హాండిలు పట్టుకొనెను; మేము ఇరుప్రక్కల నడచియు, కొంత త్రొక్కియు గోడవెంట పోయితిమి. తాతగారు చిన్నపిల్లవానివలె మనుమని నడుము పట్టుకొని, ఎడమవైపు ఏమేమి యుండెడివో చెప్పుచుండిరి - ఇచ్చట చెరువుగట్టు, ఇచ్చట జీడితోట, ఇచ్చట బడి. మాకు గోడయు, దానిపై ముండ్లతీగయు, అవతల పొగగొట్టమును కనబడుచుండెను. ఒకచోట ఆపుమనిరి. గోడమీదుగా మూడు తాటితలలు కనబడెను. “అవి మాయ్యే. మా నాన్న కల్లు గీయించీవోడు” అనిరి. దిగలేదు. అయిదు నిమిషము లట్లే చూచి, “ఇంక పోదాం పద, ఎండెక్కుతాది” అనిరి.

ఇంటికి వచ్చిన తరువాత మాష్టరు గారు ముద్రల పుస్తకము వారి చేతికిచ్చిరి. తాతగారు ఒక్కొక్క పుటయే త్రిప్పి, బెల్లపు మరకను వ్రేలితో గీకి, వాసన చూచి నవ్విరి. పిమ్మట లోనికి పోయి రేకు పెట్టెలోనుండి ఒక పాత పోస్టుకార్డు తెచ్చిరి. సైన్యములో నున్న తన తమ్మునికి తాను వ్రాసినదట. ఆయన పోయిన పిమ్మట వస్తువులతో తిరిగి వచ్చినది. దానిపై గుండ్రని తపాలా ముద్ర కలదు. ఊరిలో తపాలాకచేరి యుండెడిదనుటకు ఆ ముద్ర తప్ప వేరు గురుతు లేదు. కార్డును మాకిచ్చుటకు వారికి మనసు లేదు, మేమును అడుగలేదు. మాష్టరు గారు దానిపై పలుచని కాగితము పరచి, పెన్సిలు మొన నానించి, వలయమును, తేదీ గీతలను, అక్షరములను ఒక్కొక్కటిగా ఎత్తి వ్రాసిరి. అంతసేపును తాతగారు కార్డు మూలను వ్రేలితో నొక్కి పట్టుకొనియుండిరి.

ఆ ఊరి పేరు ఇచ్చట వ్రాయుదుమా యని అడుగగా, తాతగారు వలదనిరి. ఒక్క ఊరి పేరు వ్రాసిన తక్కిన అరువది మూడు ఊళ్ళవారు ఏమనుకొందురని వారి యభిప్రాయము. ముద్రలో తుది మూడు ఇంగ్లీషు అక్షరములు మాత్రమే స్పష్టముగ పడినవి. మిగిలినవానిని వారు నోట చెప్పగా మనుమడు క్రింద తెలుగున వ్రాసికొనెను.